ఒలిస్తే వచ్చే పూత: బస్తర్ తేనెమైనం నుంచి రబ్బరు స్ప్రే దాకా

ఒలుపుడు రబ్బరు పూత స్ప్రే డబ్బాతో వస్తువు మీద కొట్టే ఒక రకం రంగు. మామూలు పెయింటు ఆరితే పెళుసుగా గట్టిపడుతుంది. ఇది పలచని రబ్బరు తొడుగులా మెత్తగా, సాగే గుణంతో మిగులుతుంది. అక్కర తీరాక ఒక అంచును గోటితో లేపి లాగితే అరటిపండు తొక్కలా ఊడివస్తుంది. కింది అసలు రంగు ఉన్నదున్నట్టు బయటపడుతుంది. కారు చక్రాలకు, బైకు సైడ్ ప్యానెళ్ళకు, పనిముట్ల పిడులకు, ఇనుప కుర్చీల కాళ్ళకు దీన్ని వేస్తారు. ఇంటిపట్టున సొంత చేత్తో పనిచేసుకునేవాళ్ళకు ఇది నచ్చడానికి పెద్ద కారణం ఒక్కటే: చెయ్యి తప్పినా దిద్దుకోవచ్చు.

డబ్బా కొత్తదే కానీ, పోవడానికే పూత వేయడం పాత విద్య. ఆ విద్యను కళ్ళారా చూడాలనుకునే తెలుగువాళ్ళు ఎంతో దూరం పోనక్కర్లేదు. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో 30వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే కొత్తగూడెం, భద్రాచలం, కుంట, సుక్మా దాటి ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్ చేరతాం. అదే దారిలో మరో 75 కిలోమీటర్లు ముందుకు పోతే కొండగావ్ వస్తుంది. బస్తర్ ఇత్తడి బొమ్మలకూ ఇనుప బొమ్మలకూ పుట్టిల్లు ఆ ఊరే. 1323లో ఓరుగల్లు పడిపోయాక కాకతీయ ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం నిలిపాడని బస్తర్ రాజవంశం చెప్పుకుంది. కాబట్టి ఈ దారి మనకు కొత్తదేమీ కాదు.

కొండగావ్ మైనం

బస్తర్‌లో ఇత్తడి పోత పోసేవాళ్ళను ఘడ్వాలంటారు. వాళ్ళ పనికి బయటి ప్రపంచంలో ఢోక్రా అని పేరు. ఏనుగులు, గుర్రాలు, దంతేశ్వరి అమ్మవారు, జానపద ప్రేమజంట ఝిట్కు–మిట్కీ, ధాన్యం కొలిచే పాత్రలు వాళ్ళ చేతిలో రూపు దిద్దుకుంటాయి. జాతీయ పురస్కారం అందుకున్న జయదేవ్ బఘేల్ లాంటివాళ్ళ వల్ల కొండగావ్ పేరు దేశం దాటింది. బస్తర్ ఢోక్రాకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఇంత పేరున్న ఈ బొమ్మ వెనక అసలు కథంతా కంటికి కనిపించకుండా పోయే ఒక పూతదే.

ముందు మట్టితో లోపలి బొమ్మ చేస్తారు. పొలం మన్నులో వరి ఊక కలిపి పిసికి, ఏనుగైతే ఏనుగు ఆకారానికి తెస్తారు. ఎండాక పైన మెత్తటి మన్ను పూసి నునుపు చేస్తారు. ఆ తర్వాత చేసే పని చిన్నదే అయినా నన్ను బాగా ఆకట్టుకుంది. పచ్చి చిక్కుడాకు తెచ్చి బొమ్మ ఒళ్ళంతా రుద్దుతారు. ఆకు పసరు మట్టిలోకి ఇంకి బొమ్మ పచ్చగా, నున్నగా అవుతుంది, మైనం జారిపోకుండా పట్టుకుంటుంది. రంగు పనిలో మనం ప్రైమర్ అంటాం చూడండి, ఆ పని ఇక్కడ చిక్కుడాకు చేస్తోంది.

మైనం అంటే తేనెమైనం. దాన్ని కరిగించి, అడవిలో దొరికే గుగ్గిలం పొడి కలుపుతారు. గుగ్గిలం లేని మైనం వేడి వేళ్ళకు ఇట్టే వంగిపోతుంది. కలిపాక దానికి కాస్త బిగువు వస్తుంది. ఆ ముద్దను చెక్క గొట్టంలో పెట్టి, చివర చిల్లుల రేకు బిగించి కర్రతో ఒత్తితే జంతికల గొట్టంలోంచి కారప్పూస దిగినట్టు మైనపు దారాలు దిగుతాయి. ఆ దారాలను పక్కపక్కన ఒత్తుగా అతికిస్తూ బొమ్మంతా కప్పేస్తారు. కొన్నిచోట్ల దారాలు దారాలుగానే కనిపించాలి. బస్తర్ బొమ్మ ఒంటిమీద కనిపించే ఆ చుట్లూ గీతలూ ఈ దారాలవే. కళ్ళు, నగలు, పట్టెడ, తలపాగా అన్నీ మైనంలోనే దిద్దుతారు. ఇక్కడ చేసిన తప్పును ఇక్కడే సరిచేసుకోవాలి. మైనం మీద వేలిగుర్తు పడితే అది ఇత్తడిలోనూ ఉండిపోతుంది.

పైన మళ్ళీ మట్టి. మొదటి పొరకు బొగ్గుపొడీ పేడా కలిపిన మెత్తటి మన్ను వాడతారు. మైనంలో ఉన్న ప్రతి సన్నగీతలోకీ అది దిగాలి. దాని మీద పుట్టమన్నూ ఊకా కలిపిన దళసరి పొరలు వేసి, లోహం పోసేందుకు ఒక దారి వదులుతారు. అచ్చు ఆరాక కొలిమిలో కాలుస్తారు. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ మధ్యే కరిగిపోతుంది. కొంత కారిపోతుంది, మిగిలింది కాలిపోతుంది. అది ఉన్న చోటు ఖాళీ అవుతుంది. 900 డిగ్రీలు దాటితే గాని కరగని ఇత్తడి ఆ ఖాళీలో వచ్చి కూర్చుంటుంది. చల్లారాక మట్టి పగలగొడితే బొమ్మ బయటికొస్తుంది. ఒక అచ్చుకు ఒకే బొమ్మ.

ఇందులో రంగు పనివాళ్ళంతా గుర్తుపెట్టుకోవలసిన కొలత ఒకటుంది. ఇత్తడి మందమెంతో మైనం మందమే తేలుస్తుంది. మైనం పలచనైతే లోహం అంతటా పారక బొమ్మకు చిల్లి పడుతుంది, దళసరైతే బొమ్మ బరువెక్కి ఇత్తడి దండగవుతుంది. పోయేపూత ఎలా పోతుందో, పోతూపోతూ ఏం మిగులుస్తుందో పూసేటప్పుడే ఖాయమవుతుంది. రబ్బరు స్ప్రే విషయంలోనూ కిటుకంతా మందంలోనే ఉంది. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

ఇదే విద్య తెలంగాణలోనూ ఉంది. కొమురంభీం ఆసిఫాబాద్ జిల్లా ఉషేగావ్, కేసలగూడల్లో ఓజాలనే పోతపనివాళ్ళు గోండుల దేవుళ్ళ బొమ్మలు, గజ్జెలు, దీపాలు ఇలాగే పోస్తారు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మొహెంజొదారోలో దొరికిన నాట్యకత్తె కంచుబొమ్మ కూడా మైనం కరిగించి పోసిందే. అంటే ఈ పోయేపూతకు నాలుగు వేల ఏళ్ళకు పైబడిన వయసుంది.

నీలిరంగు, సైకిల్ ట్యూబు

లోహం పని వదిలి బట్ట వైపు చూస్తే తెలుగునాట పోయేపూతలు చాలానే ఉన్నాయి. పాతకాలపు కలంకారీలో నీలిరంగు ముంచడానికి ముందు, నీలం అంటకూడని చోటంతా మైనం పూసేవారు. ముంచడం అయ్యాక వేడినీళ్ళలో మైనం తీసేస్తే తెల్లబట్ట తెల్లగానే మిగిలేది.

పోచంపల్లిలో ఇంకా చిత్రమైన చుట్టం కనిపిస్తుంది. ఇక్కత్ నేతలో నూలుకు ముందే రంగులద్దుతారు. రంగు పడకూడని చోట నూలు కట్టలను బిగించి కడతారు. ఆ కట్లకు సైకిల్ ట్యూబును సన్నని పట్టీలుగా కోసి వాడతారు. రబ్బరు రంగునీటిని లోపలికి రానివ్వదు, సాగి గట్టిగా పట్టుకుంటుంది, విప్పితే మరక లేకుండా వచ్చేస్తుంది. స్ప్రే డబ్బా అమ్మే కంపెనీలు తమ సరుకు గుణాలుగా చెప్పేవి సరిగ్గా ఈ మూడే. పోచంపల్లి నేతగాళ్ళు వాటిని పంక్చరైన ట్యూబులో పట్టుకున్నారు. ఈ ముక్క చెప్పేటప్పుడు నాకు గర్వంగానే ఉంటుంది.

డబ్బాలోకి ఎలా వచ్చింది

స్ప్రే రంగు చరిత్ర మొదలైంది అమెరికాలో. 1949లో ఇల్లినాయ్ రాష్ట్రం సికమోర్ పట్టణంలో ఎడ్వర్డ్ సీమోర్ అనే రంగుల వ్యాపారి రేడియేటర్లకు పూసే అల్యూమినియం రంగును ఒత్తిడి డబ్బాలో నింపి కొట్టి చూపాడు. ఈ ఊహ తన భార్య బానీదని ఆయనే చెప్పాడు. అప్పట్లో డబ్బాలోంచి రంగును బయటికి నెట్టడానికి క్లోరోఫ్లోరో కార్బన్లు వాడేవారు. అవి ఓజోన్ పొరను తినేస్తాయని తేలాక వాటిని పక్కన పెట్టారు. ఇప్పటి డబ్బాల్లో ఎక్కువగా ఉండేది వంటగ్యాసు జాతి వాయువులే. ఇవి ఓజోన్ జోలికి పోవు, కానీ అంటుకుంటాయి.

ఊడదీసే పూతకు తొలి పెద్ద గిరాకీ యుద్ధం వల్ల వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా నౌకాదళం వందలాది ఓడలను రేవుల్లో పడుకోబెట్టింది. మళ్ళీ అవసరం పడితే వెంటనే వాడుకునేందుకు వీలుగా డెక్కు మీది తుపాకులకూ యంత్రాలకూ వినైల్ ప్లాస్టిక్ పొరను స్ప్రే చేసి పట్టుపురుగు గూడులా చుట్టేశారు. దాని పేరు కూడా పట్టుగూడు అనే అర్థమిచ్చే కకూన్ అన్న మాటే. విప్పాలంటే కోసి ఒలిచేయడమే.

ఇంటి వాడకానికి వచ్చిన రబ్బరు పూతల్లో బాగా పేరు మోసింది ప్లాస్టీ డిప్. 1972లో మొదలైన ఆ కంపెనీ మిన్నెసోటా రాష్ట్రం బ్లేన్ పట్టణంలో ఉంది. మొదట్లో వాళ్ళ సరుకు స్ప్రే రూపంలో లేదు. పటకారు, కటింగ్ ప్లయర్ లాంటి వాటి పిడులు ముంచేందుకు డబ్బాలో ద్రవంగా అమ్మేవారు. స్ప్రే వచ్చాక కార్లవాళ్ళు దాన్ని అందిపుచ్చుకుని చక్రాలకు, ఆ తర్వాత కారు మొత్తానికీ కొట్టడం మొదలెట్టారు. ఈ జాతి పూతనే ఇంకా చాలా కంపెనీలు వేరువేరు పేర్లతో చేస్తున్నాయి.

ప్రయోగశాలల్లోనూ దీనికి చోటుంది. అణుకేంద్రాల్లో రేడియోధార్మిక ధూళి అంటిన గోడల మీద జిగురుపొర పూసి, ఆరాక ధూళితో సహా ఒలిచేస్తారు. గురుత్వ తరంగాలను పట్టే లైగో అద్దాలనూ ఊడివచ్చే పొరతోనే శుభ్రం చేస్తారు. ఆ అద్దాలను గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి మరి.

ఎందుకు ఊడివస్తుంది

డబ్బాలో ఉన్నది కృత్రిమ రబ్బరును నాఫ్తా, టాలూయీన్, జైలీన్ లాంటి ద్రావకాల్లో కరిగించిన పాకం, దానికి రంగుపొడి, బయటికి నెట్టే వాయువు. కొట్టిన వెంటనే ద్రావకాలు ఆవిరైపోతాయి, రబ్బరు మిగిలి పొరగా అల్లుకుంటుంది. ఇందులో రసాయన మార్పు పెద్దగా ఉండదు. గట్టిపడే రకం పెయింట్లలో అణువులు ఒకదానికొకటి ముడిపడిపోతాయి. ఇక్కడ అవి పక్కపక్కన చుట్టుకుని కూర్చుంటాయంతే. అందుకే ఆరిన పొర మీద మళ్ళీ స్ప్రే కొడితే పాతపొర కాస్త కరిగి కొత్తదానితో కలిసిపోతుంది, ఎన్ని పూతలైనా చివరికి ఒకే తొడుగవుతుంది. పెట్రోలు ఒలికితే పూత మెత్తబడి చెడేదీ ఈ కారణంగానే.

పొర ఒక్క ముక్కగా రావాలంటే దాని బిగువు కింది వస్తువు పట్టుకన్నా ఎక్కువుండాలి. పొర దళసరైన కొద్దీ బిగువు పెరుగుతుంది, కానీ పట్టు అలాగే ఉంటుంది. ఒకటి రెండు పలచని పూతలతో సరిపెట్టుకుంటే చూడ్డానికి బాగానే ఉంటుంది. తీరా తీయబోతే చెమటకాయ పొట్టులా చిన్న చిన్న పెచ్చులుగా రాలి, గోళ్ళు అరిగిపోతాయి. పొదుపు చేద్దామనుకున్నవాళ్ళు చివర్లో రెండింతలు కష్టపడేది ఇక్కడే. కనీసం నాలుగైదు పూతలు పడాలి. ఘడ్వా మైనం మందాన్ని చూసుకున్నంత జాగ్రత్తగా మనం ఈ పూతల లెక్క చూసుకోవాలి.

చేతికి తీసుకుంటే

ఒక పాత పటకారు పిడిని ముంచే రకం పూతతో కప్పడం తేలిక, కొత్తగా నేర్చుకునేవాళ్ళు దానితో మొదలెట్టడం మంచిది. పిడికి పట్టిన నూనె జిడ్డంతా సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. తుప్పుంటే గరుకు కాగితంతో గీకెయ్యాలి. తర్వాత పిడిని ద్రవంలోకి నిదానంగా దించాలి. కంపెనీ చెప్పే వేగం 5 సెకన్లకు ఒక అంగుళం. తీసేటప్పుడూ అంతే. తొందరపడి ముంచితే గాలి బుడగలు లోపల చిక్కి ఆరాక పొక్కుల్లా తేలతాయి, తొందరగా లాగితే కింద చుక్కలు వేలాడతాయి. అరగంట ఆరబెట్టి మరోసారి ముంచాలి. వాడే ముందు నాలుగు గంటలు ఆగాలి. చలికాలం పొద్దున్నే చల్లని ఇనుము పట్టుకునే మెకానిక్కులకు ఈ పిడి చేసే మేలు వాళ్ళనే అడగాలి.

స్ప్రే కొట్టడానికి మాత్రం చెయ్యి కుదరాలి. బైకు సైడ్ ప్యానెల్ అనుకుందాం. వీలైతే విప్పి బయట పెట్టడం మేలు. వ్యాక్స్, పాలిష్ ఉంటే పోయేలా కడగాలి. అవి ఉన్నచోట పూత అంచులు వాటంతటవే లేస్తాయి. రంగు పడకూడని చోట మాస్కింగ్ టేప్ అంటించాలి. డబ్బాను నిమిషం పాటు బాగా కుదపాలి. 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, ప్యానెల్ బయట నొక్కడం మొదలెట్టి, చెయ్యి ఆపకుండా అడ్డంగా లాగి, అవతలి అంచు దాటాక వదలాలి. ముగ్గు వేసేటప్పుడు గీత మధ్యలో చెయ్యి ఆగితే పిండి కుప్పపడుతుంది కదా, ఇక్కడా చెయ్యి ఆగిన చోట రంగు కారుతుంది. మొదటి పూత సగం సగమే కప్పాలి, కింది రంగు చుక్కలు చుక్కలుగా కనిపిస్తూనే ఉండాలి. ఆ గరుకును పట్టుకునే తర్వాతి పూతలు నిలబడతాయి. రెండో పూత నుంచి తడిగా, నిండుగా కొట్టాలి. మధ్యలో పావుగంట నుంచి అరగంట వరకు ఆగాలి.

టేప్ తీసే వేళలో చాలామంది పొరబడతారు. మామూలు పెయింటైతే ఆరాక తీసినా ఫర్వాలేదు. ఇది ఒకే తొడుగు కాబట్టి ఆరాక టేప్ లాగితే దాంతోపాటు అసలు పూత కూడా లేచి వస్తుంది. చివరి పూత తడిగా ఉండగానే టేపును మెల్లగా, వెనక్కి మడుస్తున్నట్టు లాగెయ్యాలి. అప్పుడు అంచు కత్తితో కోసినట్టు నిలుస్తుంది.

వానాకాలంలో ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది. ద్రావకం ఆవిరయ్యేటప్పుడు పొర చల్లబడుతుంది, గాలిలో తేమ ఎక్కువుంటే దాని మీద కంటికి కనిపించని మంచు పడుతుంది, నల్లరంగు మీద పాలు చల్లినట్టు తెల్లటి మసక మిగులుతుంది. ఏడాదికి 1,300 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే బస్తర్‌లోనూ, ఉప్పుగాలి వీచే విశాఖ, కాకినాడల్లోనూ ఎండ కాసే పూట చూసుకోవడం తప్పనిసరి.

పండగకు ఇంటి కిటికీ చువ్వలకు రంగు వేసేవాళ్ళకు ఇంకో ఉపయోగం చెప్పాలి. అద్దాల అంచున ఊడివచ్చే పూత ఒక పట్టీలా వేసుకుని చువ్వలకు నిశ్చింతగా ఎనామెల్ వేసుకోవచ్చు. ఆరాక ఒలిచేస్తే అద్దం మీద బ్లేడు పెట్టి గీకే పని ఉండదు. ఇనుప కుర్చీ కాళ్ళ చివర్లకు వేస్తే గచ్చు మీద గీతలు పడవు. ఒకే రకం తాళంచెవులు ఎక్కువుంటే ఒక్కోదాని తలకు ఒక్కో రంగు కొడితే చీకట్లో తడుముకోనక్కర్లేదు.

కొండగావ్ ఇనుము మీద వేయొచ్చా

కొండగావ్‌లో ఇత్తడితో పాటు ఇనుము పని కూడా పెద్దది. లోహార్లు, అంటే అక్కడి కమ్మరులు, పాత ఇనుప ముక్కలను కొలిమిలో ఎర్రగా కాల్చి, దాగలి మీద సమ్మెటతో సాగగొట్టి, దీపస్తంభాలు, లేళ్ళు, డోలు వాయించే మారియా గిరిజనుల బొమ్మలు చేస్తారు. ఇనుము ఈ నేలకు పరాయిది కాదు. దక్షిణాన బైలాడిలా కొండల్లో హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఎన్‌ఎండీసీ 1968 నుంచి ఖనిజం తవ్వుతోంది. అది కిరండుల్–కొత్తవలస రైలు మార్గంలో అరకు లోయ మీదుగా విశాఖ చేరుతుంది. అదే విశాఖలో ఇంటి గూట్లో పెట్టిన కొండగావ్ దీపానికి సముద్రపు గాలి తగిలి రెండేళ్ళలో తుప్పు పట్టడం చాలామందికి తెలిసిన బాధే.

లోహార్లు పని ముగిశాక బొమ్మకు లక్కరు గానీ వార్నిష్ గానీ పూస్తారు. అది ఉండిపోవడానికి వేసిన పూత. ఇనుముకు గాలీ నీరూ తగలకుండా కాపాడుతుంది, సమ్మెట దెబ్బల గుర్తులను మెరిపిస్తుంది. దాని మీద రబ్బరు స్ప్రే కొట్టాలని కొందరికి అనిపిస్తుంది. వద్దనే నా సలహా. రబ్బరు పూతలోని ద్రావకాలు కింది లక్కరును మెత్తబరచగలవు, తర్వాత ఒలిస్తే అదీ దీనితో పాటే ఊడొస్తుంది. అప్పటికే తుప్పు మొదలైన ఇనుము మీద కొడితే తేమ లోపలే చిక్కి, పైకి నల్లగా నిగనిగలాడుతున్నా లోపల్లోపల ఇనుమును తినేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, రబ్బరు పొర సమ్మెట గుర్తులన్నిటినీ పూడ్చేస్తుంది. లోహారు చేతి పనితనం ఆ గుర్తుల్లోనే ఉంది.

తుప్పు పట్టిన దీపాన్ని గరుకు కాగితంతో మెల్లగా తుడిచి, ఆరబెట్టి, పలచగా పారదర్శక లక్కరు వేస్తే సరిపోతుంది. కింద ఆనే పాదాలకు మాత్రం రబ్బరు ముంచుకోవచ్చు. బల్ల మీద గీతలు పడవు, పాదానికి తడి తగలదు. ఢోక్రా ఇత్తడికి రబ్బరు పూతతో పనే లేదు. అప్పుడప్పుడు చింతపండు పులుసుతో తోమి, వెంటనే కడిగి పొడిగా తుడిస్తే చాలు. పాతదనపు నలుపు నచ్చేవాళ్ళు ఆ తోమడమూ మానెయ్యొచ్చు.

ఇంకెక్కడ కూడదు

ఈ పూత సుమారు 93 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకుంటుంది. సైలెన్సరు, ఇంజిను ఫిన్నులు, బ్రేకు డిస్కు అంతకంటే బాగా వేడెక్కుతాయి. పెట్రోలు ట్యాంకు మూత చుట్టూ వేస్తే బంకులో ఒలికిన చుక్కలకే పాడవుతుంది. పాలిష్ లేని చెక్క, బట్ట, ఇటుక లాంటి వాటి రంధ్రాల్లోకి రబ్బరు దిగిపోతుంది కాబట్టి మళ్ళీ ఒలవలేం. కొత్తగా పెయింటు వేసిన బండి మీదైతే ఆ పెయింటు పూర్తిగా గట్టిపడేదాకా ఆగాలి. నాసిరకం రీపెయింటు మీద వేస్తే ఒలిచేటప్పుడు అసలు రంగే ఊడివచ్చే ప్రమాదముంది. అన్నం గరిటెలకూ, పసిపిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మలకూ వేయకూడదు. కరెంటు పని చేసే ప్లయర్ పిడికి రబ్బరు ముంచినంత మాత్రాన షాక్ కొట్టదని నమ్మకూడదు. దానికి పరీక్ష చేసి ముద్రవేసిన పనిముట్లు వేరే ఉంటాయి.

బండి దీపాల మీద నల్లపూత కొట్టడం మాత్రం ఎవరు చేసినా మాన్పించాలి. వెనకొచ్చే లారీకి మన బ్రేకు లైటు కనిపించకపోతే జరిగే నష్టాన్ని ఏ పూతా ఒలిచి తీయలేదు. బండి మొత్తానికి రంగు మార్చేవాళ్ళు ఆర్‌సీలో రంగు రాసి ఉంటుందని గుర్తుంచుకుని, ముందే రవాణా కార్యాలయంలో కనుక్కోవాలి. ముదురు సైనిక పచ్చ, అంటే ఆలివ్ గ్రీన్, కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 121వ నిబంధన ప్రకారం రక్షణ శాఖ బండ్లకే చెల్లుతుంది. అది ఊడదీసుకునే రంగే కదా అన్న సమాధానం దారిలో ఆపిన పోలీసు దగ్గర పనిచేయదు.

ఊపిరి సంగతి ఇంకా ముఖ్యం. టాలూయీన్, జైలీన్ ఆవిర్లు తలనొప్పి, కళ్ళు తిరగడం తెస్తాయి. ఎక్కువకాలం పీలిస్తే నరాలకు చేటు. మామూలు గుడ్డ మాస్కు దుమ్మునే ఆపుతుంది, ఆవిరిని ఆపదు. కార్బన్ గుళికలున్న మాస్కు కావాలి, ఇంటి బయట గాలాడే చోట కొట్టాలి. దగ్గర్లో పొయ్యి, అగరొత్తి, బీడీ ఏదీ ఉండకూడదు. డబ్బాను 50 డిగ్రీలు దాటే చోట ఉంచకూడదని దాని మీదే రాసి ఉంటుంది. మే నెల ఎండలో తలుపులు మూసిన కారు లోపల అంత వేడి సులువుగా పుడుతుంది కాబట్టి డబ్బాను కారులో వదలడం ప్రాణాపాయం.

ఒలిచేటప్పుడు

బాగా వేసిన పూత రెండు మూడేళ్ళు నిలుస్తుంది. ఎండ, ముఖ్యంగా అతినీలలోహిత కిరణాలు రబ్బరును పెళుసు చేస్తాయి. పైపొర వెలిసి, గోరు పెడితే సాగకుండా తెగిపోతోందంటే తీసేయాల్సిన వేళ దాటిపోతోందన్నమాట. అలాంటప్పుడు చాలామంది బ్లేడు తీసుకుంటారు. దానికి బదులు మళ్ళీ అదే రకం స్ప్రే తెచ్చి, పాతదాని మీద రెండు మూడు నిండు పూతలు కొట్టాలి. కొత్త ద్రావకానికి పాతపొర కొంచెం కరిగి రెండూ ఒక్కటవుతాయి, ఒక రోజు ఆరనిస్తే మళ్ళీ దళసరి తొడుగు తయారవుతుంది. తీయడానికి ముందు పూయడం విచిత్రంగా అనిపించవచ్చు గానీ పనిచేసే పద్ధతి ఇదే.

ఎండ కాసేపు తగిలి రేకు గోరువెచ్చగా ఉన్నప్పుడు మొదలెట్టాలి. మూలలో, ఎవరికీ కనిపించని చోట అంచును బొటనవేలితో రుద్దితే చిన్న ముడత లేస్తుంది. ఆ ముడతను రెండు వేళ్ళతో పట్టుకుని, పైకి కాకుండా రేకుకు దాదాపు సమాంతరంగా, వెనక్కి లాగాలి. ఊడే పొర సన్నగా చప్పుడు చేస్తుంది. తెగబోతున్నట్టు అనిపిస్తే ఆగి, తెగే చోటుకు అటుపక్క నుంచి లాగాలి. స్క్రూల చుట్టూ, మడతల్లో మిగిలిన ముక్కలను గుడ్డకు కాస్త నూనె రాసి వేలితో దొర్లిస్తే ఉండలు కట్టి వచ్చేస్తాయి. కింది రంగును ఒకసారి సబ్బునీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో తుడవాలి.

ఒలిచిన రబ్బరును కట్టెల పొయ్యిలోనో చెత్తకుప్పలోనో కాల్చకూడదు. ఆ పొగ మంచిది కాదు. మళ్ళీ వాడుకోవడానికీ పనికిరాదు. పొడి చెత్తలో వేయాలి. ఖాళీ డబ్బాను తలకిందులుగా పట్టుకుని లోపలి వాయువు పూర్తిగా పోయేదాకా నొక్కి, చిల్లి పొడవకుండా, నిప్పుకు దూరంగా వేరే చెత్తగా ఇవ్వాలి.